తోటకూర చీనా వేపుడు

మనము చిఱ్ఱాకని పిలుచు తోటకూరను పప్పుతో నుడికించి సంగటిలోనికి వాడుచుండ, ఆ జాతి కూరనే చీనదేశీయులు తీవ్రమైన మంటపై తెల్లగడ్డతో రెండు మూడు నిమిషములలో వేయించి అన్నముతో భుజింతురు.

కడిగిన యాకును తడి లేకుండ నార్చి (నీరు మిగిలినచో నది వేగక యుడుకును), ఇనుప బాండలిలో రెండు చెంచాల వేరుసెనగనూనె బాగుగ కాచి, నలియగొట్టిన నాలుగు తెల్లగడ్డ పాయలను వేసి, అవి మాడకమునుపే కాడలను, పిదప ఆకులను చేర్చి, ఎడతెగక కలియబెట్టవలెను. ఆకు వాడినంతనే ఉప్పు చల్లి దింపుడు. మూత పెట్టరాదు, ఏలనన ఆకులోని ఆమ్లములు ఆవిరితో వెడలిపోక నిలిచి పచ్చదనమును హరించును. సోయారసము లేకున్నను లోపము లేదు.

నీటికై కష్టపడు కర్నూలు, కడప సీమల యిల్లాండ్రకు, వార్చిపోయు నీరైనను అక్కఱలేని యీ పద్ధతి మిక్కిలి యుపయుక్తమని నా దృఢవిశ్వాసము. వేడి జొన్నరొట్టెతోడను ఇది చక్కగ నొప్పును.