నేల ఉసిరి నుంచి పసుపు బిళ్లల దాకా



వానలు పడగానే మన బడి మైదానంలో మొలిచే నేల ఉసిరి మీకు గుర్తుండే ఉంటుంది. కామెర్లొస్తే పెద్దలు దాన్నే నూరి ఇచ్చేవారు. ఆ మొక్క 1988లో లాన్సెట్‌ పత్రికకెక్కింది. మద్రాసు పరిశోధకులు హెపటైటిస్‌ బి ఉన్న 37 మందికి 30 రోజులు ఆ పొడి ఇస్తే, 22 మంది రక్తంలో వైరస్‌ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. కాలేయ క్యాన్సర్‌కు ఆ వైరస్‌ ముఖ్య కారణాల్లో ఒకటి కదా, ఆశలు రేగాయి. తరువాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. నేటికీ ఆ వైరస్‌ సోకకుండా కాపాడేది టీకాయే.

పసుపులోని కర్క్యుమిన్‌దీ ఇంచుమించు ఇదే వరస. ప్రయోగశాలలో క్యాన్సర్‌ కణాలను అణిచింది. మనం మింగితే మాత్రం రక్తంలో చేరేది బహు స్వల్పం. అందుకని బిళ్లల్లో మిరియాల పైపెరిన్‌ కలుపుతారు. చిక్కంతా అక్కడే! కాలేయంలో మందులను విరిచే ఒక ఎంజైమును పైపెరిన్‌ అడ్డుకోగలదు. క్యాన్సర్‌కిచ్చే సొరాఫెనిబ్‌ విరిగేదీ ఆ ఎంజైముతోనే. పైగా కొందరికి పసుపు బిళ్లల వల్లే కాలేయం దెబ్బతిన్నది. కూరలో చిటికెడు పసుపుకు ఈ భయం లేదు.

మొక్కలంటే నాకు చులకన లేదు. విన్‌క్రిస్టిన్‌ వచ్చింది మన పెరటి బిళ్ల గన్నేరు నుంచే, తూకం తేలి, పరీక్షలకు నిలిచి.

తిడతానేమోనని చాలామంది కషాయం సంగతి నా దగ్గర దాస్తారు. తిట్టను. సీసా తెచ్చి బల్లమీద పెట్టండి, మీరు వాడే మందులతో కలిపి చూస్తాను. ఇవాళ భోజనాల దగ్గరైనా సరే, మొహమాటం లేకుండా అడగండి.