పితరుల ఊరు నీళ్ల క్రింద ఉన్నది
(శతవార్షిక కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ అంటే వెనుకకు తిరిగి చూచుకొనే పండుగ. మన తాతముత్తాతలు ఎవరు, ఎక్కడనుండి వచ్చారు అని అడుగుకొనే సమయమిది. ఈ సందర్భములో మా వంశమును గూర్చి కాక, మరొకరి వంశమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సెలవు కోరుచున్నాము.

కొన్నేండ్ల క్రితము ఇంగ్లండులో ఒక సంఘములో కొద్ది నెలలు పరిచర్య చేసే భాగ్యము మాకు కలిగింది. ఆ సంఘములో ఎనుబది యేండ్లు దాటిన పెద్దాయన ఒకరుండేవారు. లివర్‌పూల్ నగరములో పుట్టి పెరిగినవారు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆయన ఒక పాత బైబిలు తెచ్చి మా చేతిలో పెట్టారు. అది వెల్ష్ భాషలో ఉన్న బైబిలు. అట్ట లోపలి కాగితము మీద, పుట్టినవారి పేర్లు, చనిపోయినవారి పేర్లు, తేదీలు సిరాతో వ్రాసి ఉన్నవి. మన యిండ్లలోను ఈ అలవాటు ఉన్నదే గదా!

“ఇది మా తాతగారిది. ఇందులో ఒక్క ముక్క నాకు చదువ రాదు. నేను పోకముందు మావాళ్ల ఊరు ఒక్కసారి చూడాలని ఉంది. తోడు వస్తారా, పాస్టరుగారూ?” అని అడిగారు.

వేల్సు ఇంగ్లండుకు పడమట ఉన్న కొండల దేశము. 19వ శతాబ్దములో వేలాది వెల్ష్‌వారు పని వెదకుకొనుచు లివర్‌పూల్ చేరి, అక్కడ తమ భాషలోనే ఆరాధించుకొనుటకు దేవాలయములు కట్టుకొన్నారు. ఈ పెద్దాయన తాతగారు అట్లు వచ్చినవారే. అయితే తండ్రిగారు, ఇంగ్లీషు వస్తేనే పిల్లలకు అన్నము దొరుకుతుందని తలంచి, ఇంట్లో వెల్ష్ మాట వినబడనివ్వలేదు. ఒక్క తరములో భాష పోయింది. భాషతోపాటు ఊరి పేరు కూడ పోయింది.

వెదకుట మొదలుపెట్టాము. వెల్ష్‌వారికి పూర్వము స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరే కొడుకుకు గుర్తు. రీస్ కుమారుడైన హ్యూ, ‘హ్యూ అప్ రీస్’. అతని కొడుకు ఓవెన్, ‘ఓవెన్ అప్ హ్యూ’. తరువాతి కాలములో ఇవి ప్రైస్, ప్యూ అను ఇంటిపేర్లుగా నిలిచిపోయినవి. ఆ నిలిచినవి కూడ కొన్నే: జోన్స్, విలియమ్స్, డేవిస్, ఇవాన్స్. మన పెద్దాయన జోన్స్! వేల్సులో జోన్సును వెదకుట మన జిల్లాలో ఏసుదాసును వెదకినట్లే.

మాకు దారి చూపినది ఇంటిపేరు కాదు, పొలము పేరు. అక్కడ ఒకే పేరుగలవారు చాలామంది ఉన్నందున, వారిని నివసించే పొలము పేరుతో పిలిచేవారు. బైబిలు అట్టలో తాతగారి పేరు ప్రక్కన అట్టి పేరొకటి ఉన్నది. ఆ దేశములో జనన మరణములను ప్రభుత్వము నమోదు చేయుట 1837 జూలై 1న ఆరంభమైనది. 1851 నుండి జనాభా లెక్కలలో ఎవరు ఏ ఊరిలో పుట్టారో వ్రాశారు. 1881 లెక్కలలో ఆ పొలము పేరు క్రింద ఆరేండ్ల పిల్లవాడుగా తాతగారు కనబడినారు. అబెరిస్ట్విత్ పట్టణములోని జాతీయ గ్రంథాలయములో పాత సంఘ రిజిస్టర్లు తిరగవేసి అంతకు ముందరి రెండు తరములు కూడ కనుగొన్నాము. వివాహపు పుట మీద, సంతకము రాని పెండ్లికుమార్తె పెట్టిన ఇంటూ గుర్తు ఉన్నది. ఆయన దానిని చాలసేపు చూచారు.

కాని ఊరి పేరు తెలిసిన దినమున ఆయన ముఖము వాడిపోయింది. ఆ ఊరు ట్రవెరిన్ లోయలోని కాపెల్ కెలిన్.

“పాస్టరుగారూ, ఆ ఊరు ఇప్పుడు లేదు. ఆ లోయ నీళ్లు మా నగరమే త్రాగింది” అన్నారు.

ఆ చరిత్ర ఇది. లివర్‌పూల్ నగరానికి నీటికోసము ఆ లోయలో ఆనకట్ట కట్టుటకు 1957లో బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసింది. వేల్సు సభ్యులలో ఒక్కరును దానికి అనుకూలముగా ఓటు వేయలేదు. అయినను చట్టము నెగ్గింది. 1965లో జలాశయము ప్రారంభమైనది. బడి, తపాలా కార్యాలయము, దేవాలయము, పొలములు, ఇండ్లు అన్నియు మునిగిపోయినవి. ఆ నీరు డీ నదిలోనికి వదలబడి, దిగువన నగరముకొరకు తోడబడుతుంది. చట్టము రాకముందు, 1956 నవంబరులో, ఆ ఊరివారు పిల్లలతో సహా లివర్‌పూల్ వీధులలో ఊరేగింపుగా నడిచి, మా ఊరు ముంచవద్దని వేడుకొన్నారు.

“ఆ దినమున నేను వీధి ప్రక్కన నిలువబడి చూచాను. అప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు. ఎవరో పల్లెటూరివారు అనుకొని నా దారిన వెళ్లిపోయాను. వారు నా రక్తసంబంధులు” అని ఆయన చెప్పినప్పుడు, మాకు ఓదార్చుటకు మాట దొరకలేదు.

మేము వెళ్లిన దారిలో బాలా పట్టణము ఉన్నది. ఈ పేరు మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసును. 1800లో మేరీ జోన్స్ అను బీద బాలిక, కూడబెట్టిన డబ్బుతో, సుమారు 26 మైళ్లు నడిచి థామస్ చార్లెస్ పాదిరిగారివద్ద బైబిలు కొనుటకు వచ్చినది ఇక్కడికే. ఆ సంగతి ప్రేరణగా 1804లో బైబిలు సొసైటీ ఏర్పడినదని మన పెద్దలు చెప్పుచు వచ్చారు. కాబట్టి ఆ కొండలకు మనము కూడ కొంత ఋణపడి ఉన్నాము.

జలాశయపు ఒడ్డున ఒక చిన్న జ్ఞాపకార్థ మందిరము ఉన్నది. ఊరి శ్మశానములోని సమాధి రాళ్లను అక్కడికి తెచ్చి నిలిపారు. కొందరి ఎముకలను బంధువులు వేరొకచోటికి మార్చుకొన్నారు. తక్కినవారు నీళ్ల క్రిందనే ఉన్నారు. రాళ్లమీది వెల్ష్ అక్షరములు ఆయనకు రావు, మాకును రావు. బాలానుండి మాతో వచ్చిన ఒక సహోదరి వాటిని చదివి, ఒక రాతిమీద ఆ పొలము పేరు చూపించింది. ఆయన ముత్తాత! పెద్దాయన టోపీ తీసి రాతిమీద చెయ్యి ఉంచారు.

“అమ్మా, మీ నీళ్లు త్రాగి పెరిగినవాడను. మా నగరము 2005లో క్షమాపణ చెప్పింది. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాను” అన్నారు.

ఆమె తల్లి ఆ మునిగిన బడిలో చదువుకొన్నదట. ఆమె కొంచెము ఆగి, “దాహముతో ఉన్నవానికి నీళ్లు ఇవ్వనన్నవారు మాలో ఎవరూ లేరు. అడుగకుండ తీసికొన్నారే, అదే మా బాధ” అన్నది. పిమ్మట ఆయన చెయ్యి పట్టుకొన్నది. మేము ముగ్గురము మూడు భాషలలో ప్రార్థించాము.

ప్రియులారా, చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొందరికి తమ వంశావళి వ్రాత దొరకలేదని ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయములో చదువుచున్నాము. వంశమును వెదకుట గర్వముకొరకైతే వ్యర్థము. ఆ పెద్దాయనకు రాజులు దొరకలేదు, జమీందారులు దొరకలేదు. సంతకము రాని ముత్తవ్వ దొరికింది. తాను ఎవరికి ఋణపడి ఉన్నాడో తెలిసింది. అదే మేలు.

మన సంగతి ఏమిటి? 1981లో శ్రీశైలము జలాశయము క్రింద ఎన్నో గ్రామములు మునిగినవి. ఆ ఊళ్ల బిడ్డలు ఈనాడు ఎన్నో పట్టణములలో ఉన్నారు. వారి ఊళ్లమీద నిలిచిన నీటితో పుట్టిన కరెంటు మన మందిరములలోను వెలుగుచున్నది. మీ ప్రక్కన కూర్చున్న అవ్వను, “నీది ఏ ఊరమ్మా?” అని ఎన్నడైన అడిగారా?

కాబట్టి ఈ శతవార్షిక సంవత్సరములో మా మనవి ఒక్కటే. బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు బీరువాలలో చెదలకు వదలకుడి. ముసలివారు ఉండగానే వారి ఊరు, ఇంటిపేరు, పొలము పేరు అడిగి వ్రాసి ఉంచుడి. మన పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నవను సంతోషము మనకున్నది. అయినను భూమిమీద వ్రాయవలసినవి మన చేతులకు అప్పగింపబడినవి. ఒక కాపరి శ్రద్ధగా వ్రాసిన ఒక్క వరుస, నూటయేబది యేండ్ల తరువాత, ఒక ముసలివానిని తన ఇంటికి చేర్చింది.

దేవుడు మిమ్మును, మీ తరములను దీవించును గాక. ఆమేన్.