అప్పు తెచ్చుకొన్న ఒకటి

మా ప్రాంతపు ఉపాధ్యాయ కేంద్రమును నడపు బాధ్యత నాకప్పగించుచు ఉత్తరువు వచ్చిన దినమున నేను చేసిన మొదటిపని యొక కొత్త నోటుపుస్తకము కొనుట. అందులో తోటివారి తప్పులు వ్రాసికొనదలచితిని.

అది 1989వ సంవత్సరము. బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో 1984లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము అప్పుడు రాష్ట్రమంతటికిని విస్తరించుచుండెను. చుట్టుప్రక్కల పాఠశాలల ఉపాధ్యాయులు అప్పుడప్పుడు ఒకచోట కూడవలెను. ఒకరు పిల్లలకు పాఠము చెప్పగా తక్కినవారు చూడవలెను. పిమ్మట అందరును చర్చింపవలెను. ఇరుగుపొరుగు పాఠశాలలు ఒకదానికొకటి తోడుపడవలెనని 1964–66 నాటి కొఠారీ కమిషను ఏనాడో చెప్పియున్నది. తలంపు మంచిదే. దానిని నావంటివాని చేతికిచ్చుటయే చిక్కు.

నాకప్పుడు ముప్పదినాలుగేండ్లు. లెక్కలలో గట్టివాడనని పేరు. ఆ పేరు నిజమని అందరికంటె నేనే యెక్కువగా నమ్మియుంటిని. మొదటి రెండు సమావేశములలోను గంటకు తక్కువగాకుండ ఉపన్యసించితిని. మూడవ దానిలో, ఉద్యోగవిరమణకు దగ్గరపడిన యొక పెద్దావిడ మూడవ తరగతి పిల్లలకు తీసివేత బోధించిరి. 52 నుండి 27 తీసివేయవలెను. ఆమె చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి తెచ్చిరి. అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు. ఏడు తీయుటకు విడిపుల్లలు చాలకపోగా ఒక పిల్లవాడు కట్ట విప్పెను. పుల్లలు నేలమీద చెదరెను. వాటిని మరల లెక్కించిరి. అరగంటలో రెండే లెక్కలు పూర్తియయ్యెను.

నేను లేచి, పిల్లలింకను అక్కడ కూర్చుండియుండగనే, "అమ్మా, ఈ కట్టలు కట్టడం, విప్పడంతోనే యేడాది గడిచిపోతుంది. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోమంటే రెండు నిమిషాల పని" అంటిని. కొందరు నవ్విరి. ఆమె పుల్లలన్నియు ఏరి, కట్ట కట్టుకొని, "సరే మాష్టారూ" అనిరి. నా పుస్తకములో, 'ఉపకరణములు అధికము, ఫలము స్వల్పము' అని వ్రాసికొంటిని. ఆ వాక్యము కుదిరినందుకు సంతోషించితినని కూడ ఒప్పుకొనవలెను.

మరుసటి యేడు మా పాఠశాలలోనే మూడవ తరగతి ఉపాధ్యాయుడు సెలవుపై వెళ్లగా ఆ తరగతి నాకు వచ్చెను. అదే లెక్క యిచ్చితిని. సగమునకు మించిన పిల్లలు 35 అని వ్రాసిరి. ఒకరిని చూచి యొకరు వ్రాసిరని కోపించి ఒక బాలికను లేపి అడిగితిని. ఆ పిల్ల బెదరక, "రెండులో ఏడు పోదు గదండీ. అందుకని ఏడులోంచి రెండు తీశాను" అనెను. తప్పే గాని, అందులోను ఒక న్యాయమున్నది. సరిగా చేసినవారినైన చూచి ఊరట పొందుదమని, "పక్కనుంచి ఎంత తెచ్చుకొన్నారు?" అని అడిగితిని. "ఒకటి" అని అందరును ఏకకంఠముగ పలికిరి. పది యన్నవాడు ఒక్కడును లేడు. అప్పుడు నాకు ఆ నేలమీద చెదరిన పుల్లలు జ్ఞప్తికి వచ్చినవి. కట్ట విప్పిన పిల్లవానికి అవి పది యని యొకరు చెప్పవలసిన పని లేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవరలకు చదువు చెప్పదలచి, ముందు తామే వారియొద్ద వారి భాష నేర్చుకొనిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. (ఇట్టి గ్రాంథికమున వారిని స్మరించుట వారికి రుచింపదని యెరుగుదును.) వారిని గురించి నేను విద్యార్థులకు ఎన్నియో మారులు పాఠము చెప్పియుంటిని. నా తరగతి పిల్లలకును ఒక భాష కలదని మాత్రము తోచలేదు.

ఒక ఆదివారము ఆ పెద్దావిడ యింటికి పోయితిని. మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టిరి. నేను చెప్పవలసినది చెప్పితిని. ఆమె కొంతసే పూరకుండి, "పెద్దవాళ్ల ముందు అంటే పరవాలేదు మాష్టారూ. పిల్లల ముందు అన్నారు. మర్నాడు ఒకడు, పుల్లలు వద్దు టీచర్, సూత్రం చెప్పండి అన్నాడు" అనిరి. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. కేంద్రములో మరల పాఠము చెప్పుడని వేడుకొంటిని. నవ్వి తప్పించుకొనిరి. రెండేండ్లకు ఉద్యోగవిరమణ చేసిరి, మరల చెప్పనేలేదు.

అటుపిమ్మట సమావేశములలో మొదటి పాఠము నేనే చెప్పితిని. పాఠము ముగిసిన వెంటనే ఎవరును తీర్పు చెప్పరాదనియు, ముందుగా ఇద్దరు పిల్లలను పిలిచి 'నీకెట్లు వచ్చినది?' అని అడుగవలెననియు, పిల్లలను ఇండ్లకు పంపిన పిమ్మటనే పెద్దలు మాటలాడవలెననియు నియమము పెట్టుకొంటిమి. కాలము వ్యర్థమగుచున్నదని గొణిగినవారు లేకపోలేదు. వారు పలికిన మాటలు నావే గనుక కోపము రాలేదు. నేను చెప్పిన పాఠములలో కొన్ని చెడిపోయినవి కూడ. అవి చెడిన దినములలోనే చర్చ బాగుగ సాగెడిది.

ఆ పథకము 1996తో ముగిసెను. నేను 2013లో విరమించితిని. నోటుపుస్తకము నాయొద్దనే యున్నది. ఆమె పాఠమును గూర్చి వ్రాసిన వాక్యమును కొట్టివేయలేదు. దాని క్రింద, ఆ బాలిక చెప్పిన మాటను ఆమె చెప్పినట్లే వ్రాసియుంచితిని.