వాట్సాప్‌లో సంఘప్రకటనలు



మన సంఘమువారి విద్యార్థివేతనముల ప్రకటన గడచిన యేఁట వాట్సాప్ గ్రూపునందే వెలువడినది. ఆ యుదయముననే నేనునుఁ దామరపూల బొమ్మతో శుభోదయము పలికితిని. నన్నుఁ జూచి 40 మంది ప్రతివందన మొనర్చిరి. ఆ పుష్పవృష్టి క్రిందఁ బ్రకటన మునిఁగిపోయెను. తండ్రిలేని యొక బాలిక, గడువు దాటిన మూఁడవనాఁడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, నాకుఁ గనఁబడలేదండి" యని కంటఁ దడిపెట్టినది. మొదటి బొమ్మ పంపినవాఁడను నేనే గదా! ఏమని బదులు చెప్పుదును?

ఉపాయము లేకపోలేదు. నిర్వాహకులు మాత్రమే వ్రాయునట్టి యేర్పాటు 2018 నుండియుఁ గలదు. ముఖ్యమైన సందేశమును పైభాగమున నిలిపియుంచు 'పిన్' సౌకర్యము 2023 డిసెంబరులో వచ్చినది. ఒక దినము, ఏడు దినములు, 30 దినములు అని దానికి మూఁడు గడువులు. వేతన ప్రకటనకు 30 దినములే తగును. శుభాకాంక్షలకు వేఱొక గ్రూపు ఉండనిండు. నావంటి వృద్ధులకు అదియు నొక కాలక్షేపము, దానిని నిందింపను.

స్మార్ట్‌ఫోను లేని యిండ్లకు మాత్రము కార్డు వ్రాయవలసినదే. ఆ పని నాకప్పగింపుఁడు. చిరునామాల పట్టికను కార్యదర్శిగారు నేఁడే యిప్పింపఁ గోరుచున్నాను.