ఇంటి గుట్టు, ఆడవాళ్ళ గుట్టు

(కొనకనమిట్లలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లో వెతికేటప్పుడు మన విషయాలు బయటికి పోకుండా ఎలా చూసుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. పొదిలి నుంచి బస్సులో వస్తూ దారంతా ఆలోచించాను. తాగే నీళ్ళలో ఫ్లోరైడు, వాన లేని ఏడు వలసలు. ఇన్ని బాధలున్న చోట సెర్చ్ ఇంజన్ల గురించి ఉపన్యాసమేమిటని నాకే సంకోచం కలిగింది. ఇక్కడికొచ్చాక ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, నా కోడలు ఫోన్లో ఏదో అడిగిందంట, అది నా కొడుక్కి ఎట్టా తెలిసింది?" అనింది. దాంతో నా సంకోచం పోయింది. ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈరోజు మాట్లాడతాను.

మనకి చిన్నప్పట్నుంచీ నూరిపోసే సామెత ఒకటుంది: ఇంటి గుట్టు లంకకు చేటు. ఇంటి గుట్టు కాపాడవలసిన బాధ్యత ఎవరిది? ఆడదానిది. మొగుడు తాగొచ్చి కొట్టినా, అత్త తిండి పెట్టకపోయినా నోరు విప్పకూడదు. సరే, అదే ఇంట్లో ఆడమనిషికంటూ ఒక సొంత గుట్టు ఉంటే? ఒక ఉత్తరం, దాచుకున్న నాలుగు డబ్బులు, ఎవరికీ చెప్పని ఒక సందేహం ఉంటే దాన్ని దొంగతనం కింద లెక్కగడతారు. "ఏం దాస్తన్నావు?" అంటారు. ఇంటి పరువు కాపాడడానికి మాత్రమే మన గుట్టు పనికొస్తుంది, మన కోసం కాదు. సెర్చ్ ఇంజన్ విషయాన్ని ఇక్కణ్ణించే అర్థం చేసుకోవాలని నా అభిప్రాయం.

పూర్వం మనం సందేహాలు ఎవర్ని అడిగేవాళ్ళం? బావి దగ్గర తోటివాళ్ళని, కాన్పులు చేసే మంత్రసానిని, ఈడుదైన వదినని. ఆ మాటలు ఒకరి నోట్లోంచి ఇంకొకరి చెవిలోకి పోయేవి. ఊళ్ళో పాకితే పాకేవి, కానీ ఎక్కడా రాతపూర్వకంగా ఉండేవి కావు. ఇప్పుడు ఆ సందేహాల్నే ఫోన్‌ని అడుగుతున్నాం. నెల తప్పితే ఏం చెయ్యాలి, తెల్లబట్ట ఎందుకవుతుంది, మొగుడు కొడితే కేసు ఎక్కడ పెట్టాలి. అడిగిన ప్రతి మాటా, అడిగిన తేదీ, గంట, నిమిషంతో సహా ఒక పద్దు పుస్తకంలోకి ఎక్కుతోంది. అంత వివరంగా మన మనసులోని మాట రాసిపెట్టుకున్నవాళ్ళు ఇదివరకెప్పుడూ లేరు.

నా సంగతి ఒకటి చెబుతాను. నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి నా రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. అమ్మకి చెప్తే నిద్రపోదు. అందుకని ఫోన్లో వెతికాను, దొరికిన సైట్లన్నీ తెరిచి తెల్లవారిందాకా చదివాను. రెండ్రోజుల తర్వాత మా అన్నయ్య కొడుకు నా ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తూ, అందరూ భోజనాలు చేస్తుండగా, "అత్తా, నీకు క్యాన్సరా?" అన్నాడు. తెర నిండా క్యాన్సర్ ఆసుపత్రి ప్రకటన. అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గడ్డ ప్రమాదమైనది కాదని తర్వాత తేలింది. కానీ ఆ వార్త ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలనే హక్కు నా చేతిలోంచి జారిపోయింది. వెతికిన చోటునుంచి పోయిందో, నేను తెరిచిన సైట్లలో ఏదో ఒకటి ఇంకొకరికి అందించిందో నాకు ఈనాటికీ తెలియదు. డాక్టరేట్ చేసిన మనిషిని, నా గతే ఇది.

ఇది ఎలా జరుగుతుంది? మీరు ఫోన్లో జీమెయిల్ ఖాతా తెరిచి ఉంచి గూగుల్‌లో వెతికితే, మామూలుగా ఆ వెతుకులాట ఆ ఖాతా కింద జమ అవుతుంది. ఖాతా లేకపోయినా, ఫోన్లో వదిలే చిన్న గుర్తుచీటీ ఉంటుంది, కుకీ అంటారు. మీ నెట్ కనెక్షనుకి ఒక నంబరు ఉంటుంది. వీటి ఆధారంగా మనిషి ఫలానా అని అంచనా కట్టి, ఆ మనిషికి నప్పే ప్రకటనలు అమ్ముతారు. మనం ఉచితంగా వాడుతున్నామనుకునే ఈ సేవకి ఇదే కిరాయి.

"పేరు లేకుండా ఉంటే ఏమవుతుందిలే" అనుకోవద్దు. 2006లో అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ పరిశోధకుల కోసమని ఆరున్నర లక్షలమంది మూడు నెలల వెతుకులాటల్ని, పేర్లు తీసేసి నంబర్లు వేసి, బయటపెట్టింది. కొద్దిరోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక నంబరు పట్టుకుని 62 ఏళ్ళ ఒక వితంతువు ఇంటి తలుపు తట్టారు. ఆవిడ తన ఊరి గురించి, తన ఇంటిపేరువాళ్ళ గురించి, తన ఒంటి నొప్పుల గురించి వెతికింది. అంతే, అదే చాలింది. మన ఊళ్ళల్లో ఇంటిపేరు, ఊరిపేరు కలిస్తే ఇంకేం మిగులుతుంది?

ఇక ఆ పెద్దావిడ ప్రశ్న. కొడుక్కి ఎట్టా తెలిసింది? ఇందులో కంపెనీ కన్నా ఇల్లే ముందు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత పరిస్థితి మారింది, నిజమే. కానీ చాలామందికి ఫోను ఇప్పటికీ ఇంట్లో మగవాడి చేతిమీదుగానే వస్తుంది. కొన్నరోజు భర్తో, తమ్ముడో, దుకాణంలో కుర్రాడో జీమెయిల్ ఖాతా తెరిచి పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకుంటాడు. లేదా తన ఖాతానే ఆమె ఫోన్లో పెడతాడు. అప్పుడు ఆమె తన ఫోన్లో ఎన్నిసార్లు హిస్టరీ తుడిచినా, ఖాతాలో రాత అలాగే ఉండొచ్చు. అతను తన ఫోన్లో "మై యాక్టివిటీ" అనే పేజీ తెరిస్తే ఆమె వెతికినవన్నీ వరసగా కనిపిస్తాయి. ఆ కోడలి విషయంలో ఇదే జరిగిందని నేను చెప్పలేను, ఫోను చూడలేదు. కానీ మొదట చూడవలసింది ఇదే. ఖాతా ఎవరిది, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఇంకొక భ్రమ ఉంది. చదువుకునే పిల్లలు "ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటాం మేడమ్" అంటారు. అది ఫోన్లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది. ఇంట్లోవాళ్ళ కంటికి అది కొంత పనికొస్తుంది, కాదనను. కంపెనీ కంటికి అదేమీ తెర కాదు. ఈ విషయం మీదే 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీకొచ్చి, కోట్లాది రికార్డుల్ని ధ్వంసం చెయ్యడానికి ఆ సంస్థ ఒప్పుకుంది.

వేరే సెర్చ్ ఇంజన్లు లేవా అంటే, ఉన్నాయి. డక్‌డక్‌గో అని 2008లో మొదలైంది. ఎవరు ఏం వెతికారో మనిషివారీగా దాచిపెట్టబోమంటుంది. ప్రకటనలు వేస్తుంది, కానీ అప్పుడు అడిగిన మాటని బట్టి వేస్తుంది, మనిషి చరిత్రని బట్టి కాదు. నెదర్లాండ్స్ నుంచి నడిచే స్టార్ట్‌పేజ్ మన తరఫున గూగుల్ లాంటివాటిని అడిగి, మన ఆనవాలు వాటికి ఇవ్వకుండా జవాబు తెచ్చిపెడుతుంది. బడికి రానివ్వని పిల్ల తరఫున పక్కింటి పిల్ల పాఠం అడిగొచ్చినట్టు. 2021లో వచ్చిన బ్రేవ్ సెర్చ్ సొంత జాబితాతో వెతుకుతుంది. నేను ఎక్కువగా డక్‌డక్‌గో వాడతాను. దాని యాప్‌లో నిప్పు బొమ్మ ఒకటుంటుంది, నొక్కితే తెరిచిన పేజీలన్నీ పోతాయి.

కానీ వీటిని దేవుళ్ళని చెయ్యొద్దు. 2022లో డక్‌డక్‌గో బ్రౌజర్ మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం వల్ల ఆ కంపెనీ వేగుల్ని కొన్నింటిని అడ్డుకోవడం లేదని ఒక పరిశోధకుడు బయటపెట్టాడు. గొడవయ్యాక సరిదిద్దుకుంది. తెలుగులో వెతికితే దాని జవాబులు గూగుల్ అంత బాగా రావు, ఇది నా అనుభవం. టైపు చెయ్యడం రానివాళ్ళకి మైకు గుర్తు నొక్కి మాట్లాడడం ఒక్కటే దారి, ఆ గొంతు కూడా ఎక్కడికో పోతుంది. గొంతు రికార్డుల్లో కొన్నింటిని మనుషులు వింటారని 2019లో గూగులే ఒప్పుకుంది. అన్నిటికన్నా ముఖ్యం, సెర్చ్ ఇంజన్ మన మాట దాచినా, జవాబులో వచ్చిన సైటు తెరవగానే దాని పద్ధతి దానిది. ఇంకా చిన్న విషయం ఒకటి. ఫోన్లో కొత్తగా బాతు బొమ్మ కనబడితే "ఇదేంటి?" అని అడిగే మొగుడున్న ఇంట్లో ఆ యాప్ పెట్టుకోవడమే ప్రమాదం కావచ్చు. అలాంటప్పుడు యాప్ వద్దు. ఉన్న బ్రౌజర్లోనే ఇన్‌కాగ్నిటో తెరిచి, అందులో డక్‌డక్‌గో సైటుకి వెళ్ళి అడిగి, మూసెయ్యండి. ప్రాణభయం ఉంటే ఆ ఫోనే వద్దు. నమ్మకమైన అక్క ఫోన్ నుంచి 181కి చెయ్యండి.

మనలో మనం ఒప్పుకోవలసిన చిక్కు ఒకటుంది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పే పరీక్షల ప్రకటనలు సెర్చ్ ఇంజన్లలో వస్తున్నాయని డాక్టర్ సాబు జార్జ్ 2008లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్‌ల మీద ఏళ్ళ తరబడి వాదనలు సాగాయి. అలాంటి ప్రకటన గురించి నోడల్ ఏజెన్సీ చెబితే 36 గంటల్లో తీసెయ్యాలని 2016 నవంబరులో కోర్టు ఆదేశించింది. ఆడపిల్లల్ని పుట్టనివ్వని వ్యాపారం మీద ఆ ఆంక్ష రావాలని మనమే కోరుకున్నాం, నేను ఇప్పటికీ సమర్థిస్తాను. అయితే మాటల్ని ఆపడం వేరు, మాట అడిగిన మనిషిని గుర్తుపెట్టుకోవడం వేరు. గర్భస్రావం గురించి సమాచారం వెతికే స్త్రీని లింగనిర్ధారణ నేరస్థురాలిగా చూసే రోజు రాకూడదు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టకూడదని 2021లో సవరించిన చట్టం డాక్టరుకి చెబుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురాత్రి ఆమె ఫోన్‌ని అడిగిన మాటకి ఆ రక్షణ లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కానీ ప్రభుత్వం తనకు తాను చాలా మినహాయింపులు ఉంచుకుంది. ఇంట్లో మగవాడి చెయ్యి ఫోన్ మీద ఉంటే ఆపే సెక్షను అందులో నాకు కనిపించలేదు.

భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుందాం. ఫోను తెచ్చుకున్నవాళ్ళు ఖాతా ఎవరి పేరున ఉందో ముందు చూద్దాం. పాస్‌వర్డ్ మార్చాలనుకునేవాళ్ళు ఇంట్లో ఏమవుతుందో ఒకటికి రెండుసార్లు ఆలోచించి, అప్పుడే మారుద్దాం. ఫోను లేనివాళ్ళు కూడా రండి. ఆ పెద్దావిడ తన కోడల్ని తీసుకొస్తానంది, వాళ్ళ కోసం ఎదురుచూస్తాను.