షాంపూ సీసా వెనకవైపు



కందిపప్పు కొనేటప్పుడు మనం గుప్పెట్లోకి తీసుకుని చూస్తాం. రాళ్ళున్నాయా, పురుగు పట్టిందా అని మొహమాటం లేకుండా పరీక్షిస్తాం. వంకాయలు ఏరుకునేటప్పుడు ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూస్తాం. ఇంత జాగ్రత్త గల మనం షాంపూ కొనేటప్పుడు మాత్రం సీసాని ముందువైపే చూస్తాం. అక్కడ నిగనిగలాడే జుట్టుతో ఒక అమ్మాయి బొమ్మ, పక్కన ఉసిరికాయో, కలబంద మట్టో వుంటాయి. "జుట్టు రాలడం తగ్గుతుంది", "మూలికలతో చేసినది", "ఫలానాది ఇందులో లేదు" అని పెద్ద అక్షరాలుంటాయి. అది చదివి, డబ్బిచ్చి, సంచీలో వేసుకుని వచ్చేస్తాం.

అసలు సంగతంతా సీసా వెనకవైపు వుంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో "ఇన్‌గ్రీడియెంట్స్" అనే మాటతో మొదలై, నోరు తిరగని పేర్లు నాలుగైదు వరసలుంటాయి. అది చదవడానికి కాలేజీలో రసాయనశాస్త్రం చదివి వుండక్కర్లేదు. నేనూ మెట్రిక్యులేషన్‌తో ఆపేసినదాన్నే. నెలవారీ వెచ్చాల జాబితా చూడగలిగిన ఏ ఇల్లాలైనా దాన్ని చూడగలదు. ఎలాగన్నది ఇవాళ చెప్పుకుందాం.

ముందు ఆ పేర్ల వరస సంగతి తెలుసుకోవాలి. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, సరుకులో ఏమేం కలిపారో పైన రాయాలి. ఒక శాతం కంటె ఎక్కువ కలిపినవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా ముందు రాయాలి. ఒక శాతం, అంతకంటె తక్కువ వున్నవి ఆ తరువాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. మన సేమ్యా పాయసానికి ఇలాంటి పట్టిక రాస్తే ఎలా వుంటుంది? పాలు, నీళ్ళు, పంచదార, సేమ్యా, నెయ్యి, అన్నింటికంటె చివర జీడిపప్పు. గిన్నె మీద ఎంత పెద్ద జీడిపప్పు బొమ్మ వేసినా లోపల వున్నవి నాలుగు పలుకులే కదా! షాంపూ సీసా మీది బొమ్మలు కూడా చాలావరకు ఇలాంటివే.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక తలంటుకి రెండు చెంచాలు, అంటే సుమారు 10 మిల్లీలీటర్ల షాంపూ వాడామనుకోండి. అందులో ఒక శాతమంటే రెండు చుక్కలు. ఆ రెండు చుక్కల ఉసిరి రసమూ రెండు నిమిషాల్లో నీళ్ళతో పాటు తూములోకి పోతుంది. మరి ఆ ఒక శాతం గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? "పర్‌ఫ్యూమ్" లేక "ఫ్రాగ్రెన్స్" అన్న మాట వెతకండి. వాసన కోసం వేసేది సాధారణంగా ఆ ప్రాంతంలోనే వుంటుంది. దాని తరువాత వచ్చే మూలికల పేర్లు ఎన్ని వున్నా చిటికెడు చిటికెడే అనుకోవచ్చు.

ఇక మొదటినుంచి చదువుదాం. మొదటి పేరు "వాటర్" లేక "ఆక్వా". అంటే నీళ్ళు. ఏ షాంపూలోనైనా ఎక్కువ భాగం నీళ్ళే. ఆ తరువాత వచ్చే రెండు మూడు పేర్లే అసలు పని చేసేవి. జిడ్డు వదలగొట్టేవి అవే. సోడియం లారిల్ సల్ఫేట్ అనేదుంటే అది గట్టి చెయ్యి. జిడ్డుని బాగా తీస్తుంది, మాడుని కూడా ఎండబెడుతుంది. సోడియం లారెత్ సల్ఫేట్ దానికి చెల్లెలు. పని దాదాపు అంతే చేస్తుంది కాని చెయ్యి కొంచెం మెత్తన. లారిల్, లారెత్ అన్న రెండు పేర్లకీ చివరే తేడా. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడండి. వీటితో పాటు కోకమిడోప్రొపైల్ బీటైన్ అనేది వుంటే మంచిది. ఇది కొబ్బరినూనె కొవ్వుల నుంచి తయారయ్యేది. మొదటివాటి దూకుడుని తగ్గిస్తుంది.

"సల్ఫేట్ లేనిది" అని రాసిన సీసాల్లో వీటికి బదులు సోడియం కోకాయిల్ ఐసెథియొనేట్, డెసిల్ గ్లూకోసైడ్ వంటివి వుంటాయి. ఖరీదు ఎక్కువ. పొడి జుట్టువాళ్ళకీ, రంగు వేసుకునేవాళ్ళకీ ఇవి నయమే. కాని మనలో చాలామంది వారానికోసారి తలనిండా కొబ్బరినూనె పట్టించి తలంటుకునేవాళ్ళం. అంత నూనెని ఈ మెత్తని షాంపూ ఒక్కసారికి వదలగొట్టలేక, రెండోసారీ మూడోసారీ పోయాల్సి వస్తుంది. సీసా నెలకి రావలసింది పదిహేను రోజుల్లో అయిపోతుంది. అందుకని ఎవరి అలవాటుని బట్టి వారు కొనుక్కోవాలి. సల్ఫేటు వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరిగే మాటకి మాత్రం ఆధారం లేదు. భయపడకండి.

"ఈ గొడవంతా ఎందుకు, హాయిగా కుంకుడుకాయలతో పోసుకుంటే పోలేదా" అని పెద్దవాళ్ళంటారు. నిజమే, కుంకుడుకాయలోనూ సీకాయలోనూ సపోనిన్లనే నురుగునిచ్చే పదార్థాలున్నాయి. జిడ్డు పట్టి లాగేవి అవే. కాని కుంకుడు రసం కళ్ళల్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు ఏడ్చిన మనకి వేరే చెప్పాలా? చెట్టుకి కాసింది కనుక మంచిది, ఫ్యాక్టరీలో చేసింది కనుక చెడ్డది అనుకోవడం సరికాదు. స్నానపు సబ్బుని తలకి రుద్దడం మాత్రం మానండి. సబ్బుకి క్షారగుణం ఎక్కువ. బోరునీళ్ళల్లో అది తెట్టు కట్టి వెంట్రుకలకి పట్టేస్తుంది. షాంపూకి ఆ ఇబ్బంది లేదు.

నురుగు ఎక్కువ వస్తే బాగా శుభ్రపడుతుందని మనకో నమ్మకం. చిక్కగా, ముత్యపు మెరుపుతో వుంటే బలమైనదని మరో నమ్మకం. వెనకవైపు చూడండి. కోకమైడ్ ఎం.ఇ.ఏ. అని వుంటుంది, అది నురుగు నిలవడానికి. గ్లైకాల్ డిస్టియరేట్ వుంటుంది, అది ముత్యపు మెరుపుకి. సోడియం క్లోరైడ్ వుంటుంది. అది మన వంటింటి ఉప్పే! చిక్కదనం కోసం వేస్తారు. వీటిలో తప్పేమీ లేదు. కాని చిక్కదనం చూసి పది రూపాయలు ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

తరువాతవి జుట్టుని మెత్తపరిచేవి. వీటిల్లో ఒకదాని పేరు కొండవీటి చాంతాడంత వుంటుంది: గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్. చూసి బెదిరిపోకండి. గ్వార్ అంటే మన గోరుచిక్కుడు. ఆ గింజల్లోంచి తీసిన జిగురుని మార్చి ఇది తయారుచేస్తారు. చిక్కు పడకుండా దువ్వెన జారడానికి పనికొస్తుంది. డైమెథికోన్ అనేది సిలికోన్ జాతిది. వెంట్రుక మీద పలచని పొరలా పరుచుకుని మెరుపునిస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి. మాడు దాటి బయటికి వచ్చిన వెంట్రుకకి ప్రాణం లేదు. దాన్ని పైన కప్పగలం గాని లోపలినుంచి పోషించలేం. "జుట్టుకి ఆహారం" అన్న ప్రకటన వినగానే ఈ మాట తలచుకోండి.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. నీళ్ళున్న ఏ పదార్థమైనా నిలవ వుంటే బూజు పడుతుంది కనుక, షాంపూలో చెడిపోకుండా కాపాడే మందు వేస్తారు. ఎలర్జీ వచ్చేవాళ్ళు చదవవలసింది ఈ పేర్లే. ఈమధ్య "పారబెన్ లేనిది" అని ముందువైపు రాయడం ఎక్కువైంది. యూరప్ సమాఖ్య 2014లో కొన్ని రకాల పారబెన్లని నిషేధించిన మాట నిజమే. మిథైల్ పారబెన్, ప్రొపైల్ పారబెన్ వంటివాటిని మాత్రం పరిమితులు పెట్టి వుండనిచ్చింది. మరి పారబెన్ తీసేసి దాని స్థానంలో ఏం వేశారు? వెనక్కి తిప్పి చూస్తే కొన్నింటిలో మిథైల్‌ఐసోథయాజొలినోన్ అని కనిపిస్తుంది. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అనే వైద్యుల సంఘం 2013లో ఆ ఏటి ముఖ్యమైన ఎలర్జీ కారకంగా ప్రకటించింది దీన్నే. అదే సంఘం 2019లో, పారబెన్లు ఎలర్జీ తెప్పించడం బహు అరుదు అని చాటడానికి వాటిని "ఎలర్జీ కారకం కానివి"గా ప్రకటించింది. చూశారా చిత్రం! ముందువైపు అక్షరాలు చదివి భయపడి పారిపోయి, వెనకవైపు చదవక అంతకంటె చిరాకు పెట్టేదాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చునన్న మాట. డి.ఎం.డి.ఎం. హైడాంటోయిన్ అనేది కూడా ఇలా గుర్తుపెట్టుకోవలసిన పేరు. అది కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ని వదులుతుంది.

ఇవి అందరికీ పడవని కాదు. చాలామందికి ఏమీ కాదు. కాని తలంటుకున్న మర్నాడు మెడ వెనకా, చెవుల వెనకా, కనురెప్పల మీదా దురద పుట్టి ఎర్రబడుతుంటే షాంపూని అనుమానించండి. మాడు బాగానే వుండి, నురుగు జారిన చోట్ల మాత్రమే ఇలా కావడమూ కద్దు. వేడి చేసిందనుకుని ఊరుకోకండి. చర్మ డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్ళండి. ఏది పడలేదో ఆయన పరీక్ష చేసి చెబుతారు. ఆ పేరు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే ఇక ఏ సీసా కొన్నా ఆ ఒక్క పేరే వెతుక్కుంటే చాలు.

చుండ్రు షాంపూలలో జింక్ పైరిథియోన్, పిరోక్టోన్ ఓలమైన్, కీటోకొనజోల్ వంటి మందులు వుంటాయి. వీటిని ఇలా పూసి అలా కడిగేస్తే ఫలితం వుండదు. నాలుగైదు నిమిషాలు మాడు మీద వుంచాలి. జింక్ పైరిథియోన్‌ని యూరప్ సమాఖ్య 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాలలో నిషేధించింది. అందుచేత గర్భిణీలు చుండ్రు షాంపూ డాక్టరుని అడిగి వాడడం మంచిది. నెల వాడినా చుండ్రు తగ్గకపోతే సీసా మార్చడం కాదు, డాక్టరుకి చూపించుకోవాలి.

ఆయుర్వేద షాంపూల పట్టిక వేరే రకంగా వుంటుంది. ఇన్ని మిల్లీలీటర్లలో భృంగరాజం ఇన్ని మిల్లీగ్రాములు, ఉసిరిక ఇన్ని అని రాసి, చివర చాలావాటిలో "బేస్ క్యూ.ఎస్." అని వుంటుంది. క్యూ.ఎస్. అంటే సరిపడినంత అని అర్థం. మిల్లీగ్రాములన్నీ కూడి చూస్తే మొత్తంలో ఏ కొంచెమో వుంటాయి. మిగిలినదంతా ఆ "సరిపడినంత"లోనే వుంది. అందులో నురుగునిచ్చేదేమిటో చెప్పకపోతే, కొనేముందు అడగడం మన హక్కు.

ఇక జుట్టు రాలడం. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. అంతకుమించి రాలుతుంటే మనం చేసే మొదటి పని షాంపూ మార్చడం. ప్రకటనలో నక్షత్రం గుర్తు పెట్టి అడుగున ఏం రాశారో ఎప్పుడైనా చూశారా? తరచుగా "తెగడం వల్ల రాలే జుట్టు విషయంలో" అని వుంటుంది. అంటే దువ్వినప్పుడు తెగే వెంట్రుకల మాట. కుదుళ్ళ మాట కాదు. కుదురుతో సహా రాలడానికి కారణాలు ఒంట్లో వుంటాయి: రక్తహీనత, థైరాయిడ్, కాన్పు తరువాతి మార్పులు, పెద్ద జ్వరాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని తేలింది. ఇంట్లో అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది తిని, కళ్ళు తిరిగితే కాసేపు కూచుని లేచే ఇల్లాలు, జుట్టు రాలుతోందని మూడు వందలు పెట్టి సీసా కొంటుంది. ఆ డబ్బుతో ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలమ్మా. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఆ ఖర్చు కూడా వుండదు.

ఇప్పుడు రెండు సీసాలు పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలాగో చూద్దాం. రెంటిలోనూ మొదటి అయిదారు పేర్లు చదవండి. అవి ఒకటే అయితే రెండూ దాదాపు ఒకే షాంపూ. రంగు, వాసన, బొమ్మ మాత్రమే వేరు. అప్పుడు ధర చూడండి. 180 మిల్లీలీటర్లు 150 రూపాయలనుకోండి. మిల్లీలీటరు 83 పైసలు పడింది. 340 మిల్లీలీటర్లు 240 రూపాయలైతే సుమారు 71 పైసలు. ఇప్పుడు చాలా సీసాల మీద మిల్లీలీటరు ధర కూడా అచ్చువేస్తున్నారు. అది చూస్తే లెక్క వేసే పని కూడా తప్పుతుంది. పెద్ద సీసాయే ఎప్పుడూ చవక అనుకోకండి. రూపాయికో రెండు రూపాయలకో వచ్చే చిన్న పాకెట్లే లెక్కకి చవకపడటం కద్దు. అయితే 60 మిల్లీలీటర్ల లోపు వున్నవాటికి ఈ పేర్ల పట్టిక తప్పనిసరి కాదు. అందుకని పాకెట్ వాడేవాళ్ళు కొట్లో అదే రకం పెద్ద సీసా అడిగి, వెనకవైపు ఒకసారి చదివి ఇచ్చేయండి. కొట్టువాడు విసుక్కున్నా ఫరవాలేదు. కందిపప్పు దగ్గర మనం మొహమాటపడలేదుగా!

ఈసారి నెల వెచ్చాలకి వెళ్ళినప్పుడు కళ్ళజోడు మరచిపోకండి. పిల్లలు తోడుంటే ఆ పేర్లు వాళ్ళచేత చదివించండి. వాళ్ళకీ అలవాటవుతుంది.



(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)