రోడ్డు దాటేవారి లెక్క

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేడు మేము మనవి చేయదలచిన విషయం చిన్నదే: సిగ్నలు దగ్గర నడిచేవారికి దొరికే సెకన్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ దాకా మన ముందున్నది మామూలు వీధి కాదు, విజయవాడకు పోయే జాతీయ రహదారి. 2018 సెప్టెంబరులో దాని మీద మెట్రో రైలు కూడా వచ్చింది. స్టేషను ఉన్నచోట మెట్లెక్కి అవతల దిగవచ్చు, మేలే. రెండు స్టేషన్ల నడుమ బడికో, బజారుకో, నమాజుకో పోయేవారు మాత్రం రోడ్డు మీదనే దాటాలి.

మేము బడిపంతుళ్లం గనుక లెక్క కట్టి చెబుతాం. సిగ్నలు సమయం నిర్ణయించేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని సాధారణంగా అనుకుంటారు. రోడ్డు వెడల్పు 30 మీటర్లనుకోండి, 25 సెకన్లు చాలు. మరి మోకాళ్ల నొప్పులున్న మన నానీమా సెకనుకు 0.8 మీటరే నడిస్తే? పచ్చదీపం ఆరేసరికి 20 మీటర్లే దాటి ఉంటుంది. తక్కిన 10 మీటర్లు బండ్ల నడుమనే! చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న తల్లి సంగతీ ఇంతే.

అమెరికాలో 2009లో ఈ నడక లెక్కను సెకనుకు 4 అడుగుల నుంచి 3.5 అడుగులకు తగ్గించారు. సింగపూరులో అదే ఏడు, వృద్ధులు కార్డు తాకిస్తే పచ్చదీపం మరికొన్ని సెకన్లు వెలిగే ఏర్పాటు మొదలుపెట్టారు.

"మరి బండ్లు ఆగిపోవా?" అని కొందరంటారు. నిజమే, ఒకరికిచ్చే సెకను ఇంకొకరి దగ్గర తీసుకున్నదే. అయితే బండివారికి పోయేది కాస్త సమయం, నడిచేవారికి పోయేది ప్రాణం. అంత సమయం ఇవ్వలేనిచోట రోడ్డు నడుమ నిలబడేందుకు గట్టు కట్టినా, రెండు విడతలుగా దాటవచ్చు.

సంఘంవారికి మా మనవి ఒక్కటే. మన యువకులు వారం రోజులు గడియారం పట్టుకుని, కూడలి కూడలిలో నడకకు ఎన్ని సెకన్లు ఇస్తున్నారో, పెద్దవారికి ఎన్ని పడుతున్నాయో రాసుకోవాలి. ఆ కాగితం పట్టుకుని ట్రాఫిక్ అధికారులను కలుద్దాం. ఉత్త ఫిర్యాదయితే విని ఊరుకుంటారు, అంకెలు చూపితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక మమ్మల్ని కలవండి. సెలవు.